కిరాయి ఇంట్లో పురిటికి సిద్ధం కావడం: నా అనుభవం

మొన్ననే మా బిడ్డ, మనవరాలు హన్మకొండ సర్కారు దవాఖాన నుంచి 102 బండిలో ఇంటికి వచ్చారు. ఇద్దరూ నిద్రపోతున్నారు. కడుపులో ఉన్న కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

సామాను సంగతి పెద్ద కష్టమేం కాదు. పాత నూలు చీరలు ఉడకబెట్టి, ఎండలో ఆరేసి పక్కబట్టలు చేశాను. జరీ అంచులు మాత్రం ముందే కత్తిరించాలి, ఆ పోగు పసిచర్మానికి గీసుకుంటుంది. జుబ్బాలు కుట్టు మడతలు బయటికి వచ్చేలా, గుండీలు లేకుండా పక్కకు నాడాలు పెట్టి కుట్టాను. ఏళ్లుగా మిషన్ మీద బతుకుతున్నదాన్ని, దుకాణంలో కొన్న జుబ్బా ఏదీ నా కుట్టు ముందు నిలవదు.

అసలు కష్టం ఇంటామెతో వచ్చింది. బిడ్డకు తొమ్మిదో నెల పడ్డాక ఒకరోజు పొద్దున, కిటికీలకు జాలీ కొట్టించుకుంటామని చెప్పడానికి పైకి వెళ్లాను. మా వైపు కోతులు ఎంత ఆగం చేస్తాయో వరంగల్‌లో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. తలుపు సందు దొరికితే వంటింట్లోనే ఉంటాయి. పసిపిల్ల ఉన్న గదికి జాలీ లేకుండా ఎట్లా? ఆమె జాలీ మాట పక్కన పెట్టి, "అక్కా, ఏమనుకోకు. ఇల్లువట్టి (గృహప్రవేశమై) ఇంకా ఏడాది తిరగలే. పురుడు మా ఇంట్ల వద్దు. ఇరవై ఒక్క రోజులు ఎక్కడన్నా ఉండి రాండ్రి" అంది. నీళ్ల డబ్బాలు వేసే పిల్లగాడు అక్కడే ఉన్నాడు, పక్క పోర్షన్ వాళ్లు గుమ్మంలోకి వచ్చి విన్నారు. మెట్ల కింద నా బిడ్డ కూడా విన్నది. నెలనెలా ఐదో తారీఖు దాటకుండా కిరాయి కట్టినదాన్ని, ఆ మాట విన్నాక నా కాళ్లు వణికాయి.

మా ఆయన బతిమాలదామన్నాడు. నేను ఒప్పుకోలేదు. పచ్చి బాలింతను, పసిగుడ్డును పట్టుకుని ఊళ్లు తిరగడానికి మేమేం తప్పు చేశాం? ఆ ఇంటామె మాత్రం ఎవరి కడుపున పుట్టలేదా? వడ్డేపల్లి, గోపాల్‌పూర్ గల్లీలన్నీ తిరిగాం. పురుడు అనగానే కొందరు "మళ్లీ చెప్తం" అని తలుపులు వేశారు. చివరికి కాజీపేటలో ఒక రిటైర్డ్ సారు, ముస్లింలు, "పిల్ల పుడితే ఇంటికి బర్కత్ గదమ్మా" అని అదే రోజు తాళంచెవి ఇచ్చారు. ఆయన భార్య ఆ సాయంత్రమే ఖీర్ పంపింది.

ఇల్లు మారిన వారంలోనే కాన్పు అయింది కాబట్టి మిగతావన్నీ పరుగు మీద చేశాం. ముందు జాలీ, తర్వాత దోమతెర. చలి రోజులు, మా అత్తమ్మ మంచం కింద కుంపటి పెట్టాలని పట్టుబట్టింది. తలుపులు మూసి బొగ్గులు రాజేస్తే ఆ గాలికి ప్రాణాలే పోతాయని గట్టిగా చెప్పి ఆపాను. పిల్ల ఒళ్లు చల్లబడితే తల్లి గుండెలకు ఆనించి, పైన దుప్పటి కప్పమని దవాఖానలో నర్సమ్మ చూపించింది. దాన్ని మించిన వేడి లేదు. బొడ్డుకు పసుపు, ఆముదం ఏదీ పెట్టడం లేదు, పొడిగా ఉంచితే అదే ఊడిపోతుంది. సాంబ్రాణి పొగ గదిలోకి రానివ్వను. ముర్రుపాలు పట్టించాం, ఆరు నెలల దాకా తల్లిపాలే, తేనె చుక్క అయితే ఏడాది నిండేదాకా నాకించేది లేదు. చుట్టాలు అలిగితే అలగనీ.

కిరాయికి ఉండేవాళ్లకు చెప్తున్నా, ఇంట్లో నెలలు నిండేవాళ్లు ఉంటే అడ్వాన్స్ ఇచ్చే ముందే పురుటి సంగతి అడగండి. మొహమాటపడితే తొమ్మిదో నెలలో సామాను మోయాల్సి వస్తుంది. బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ టీకా దవాఖానలోనే వేశారు, మళ్లీ ఆరో వారంలో వెళ్లాలి. పుట్టిన సర్టిఫికెట్‌కు 21 రోజుల్లోపు నమోదు కావాలి కాబట్టి డిశ్చార్జి కాగితంలో తల్లిదండ్రుల పేర్లు ఆధార్‌తో అక్షరం అక్షరం పోల్చి చూసుకున్నాం.

పాత ఇంటామె మా అడ్వాన్స్‌లో సున్నం ఖర్చని సగం పట్టుకుంది. బిడ్డ కాస్త తేరుకోగానే వెళ్లి అదే మెట్ల మీద నిలబడి అడుగుతాను.