వేరుశనగ చెక్కా, ఖనిజ లవణాలా: మేడ మీద రెండు పాలకూర టబ్బులు

చలి మొదలవగానే పెట్టిన రెండు టబ్బులూ రెండో కోత దాటాయి. రెండింటిలోనూ మట్టి లేదు, 20 లీటర్ల నీళ్లు, ఒకే రకం పాలకూర, ఒకే రకం అక్వేరియం గాలి పంపు. తేడా తిండిలోనే: ఒకదానికి ఖనిజ లవణాలు, మరోదానికి వేరుశనగ చెక్క, అంటే గింజల నుంచి నూనె తీశాక మిగిలే పిప్పి.

లవణాల టబ్బుకు వేసినవి ఇవి: కాల్షియం నైట్రేట్ 12 గ్రాములు, పొటాషియం నైట్రేట్ 6, మోనో పొటాషియం ఫాస్ఫేట్ 4, మెగ్నీషియం సల్ఫేట్ 6, ఈడీటీఏ ఐరన్ (నీళ్లలో కరిగి ఉండే ఇనుము) 0.3 గ్రాము, చిటికెడు సూక్ష్మపోషకాల మిశ్రమం. కాల్షియం నైట్రేట్‌ను విడిగా కరిగించి చివర్లో పోయాలి. చిక్కటి ద్రావణాలు నేరుగా కలిస్తే ఫాస్ఫేటు, సల్ఫేటు కాల్షియంతో కలిసి తెల్లటి మడ్డి కడతాయి. మా నీళ్లతో కలిపి ఈసీ (నీళ్లలో కరిగిన లవణాలు ఎంతో చూపే విద్యుత్ వాహకత) 1.6 వచ్చింది, పీహెచ్ 6 దగ్గర ఉంచుతున్నాను. ఆ తర్వాత తగ్గిన నీళ్లు నింపడం తప్ప పెద్దగా పని లేదు.

ఎరువుల దుకాణంలో సులువుగా దొరికే 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండే ఎరువు) దీనికి పనికిరాదు. అందులోని నత్రజనిలో సగానికి పైగా యూరియా రూపంలో ఉంటుంది. మట్టిలోనైతే సూక్ష్మజీవులు దాన్ని మొక్క తీసుకునే రూపంలోకి మారుస్తాయి. శుభ్రమైన నీళ్లలో ఆ పని చేసేవి తక్కువ. పైగా యూరియా అయాన్లుగా విడిపోదు కాబట్టి ఈసీ మీటరుకు కనబడదు.

చెక్కతోనూ చిక్కు ఇదే, ఇంకా పెద్దది. వేరుశనగ చెక్కలో నత్రజని సుమారు 7 శాతం. అంటే లవణాల టబ్బులో ఉన్నంత నత్రజని దాదాపు 38 గ్రాముల చెక్కలోనే ఉంది. కానీ అది మాంసకృత్తుల్లో బందీ అయి ఉంటుంది. బాక్టీరియా ముందు దాన్ని అమోనియాగా విడగొట్టాలి. ఆ అమోనియాను నైట్రోసోమోనాస్ వంటివి నైట్రైటుగా, నైట్రోబాక్టర్, నైట్రోస్పైరా వంటివి నైట్రేటుగా మార్చాలి. జపాన్‌లో మకోటో షినోహరా బృందం చూపిన దారి కూడా ఇదే: కొంచెం మట్టో బెరడు కంపోస్టో వేసి బాక్టీరియాను నిలబెట్టి, సేంద్రియ ఎరువును కొద్దికొద్దిగా అందించడం.

నేను మొక్కల టబ్బులో కాకుండా విడి బకెట్లో ఈ పని చేశాను. అడుగున ఇటుక ముక్కలు, గుడ్డలో మూటకట్టిన గుప్పెడు వర్మీకంపోస్టు, ఆగకుండా గాలి, రోజూ చిటికెడు చెక్క పొడి. చేపల తొట్టెలకు వాడే పరీక్ష కిట్టుతో చూస్తూ వచ్చాను. మొదట అమోనియా పెరిగి పీహెచ్ 7.5 దాటింది, వాసన కూడా వచ్చింది. తర్వాత నైట్రైటు, ఆపైన నైట్రేటు కనబడ్డాయి, పీహెచ్ దిగసాగింది. అమోనియా, నైట్రైటు రెండూ సున్నాకు వచ్చాకే ఆ నీళ్లు టబ్బులో పోసి నారు పెట్టాను. ఈ ఓపిక లేనివారు సేంద్రియ పద్ధతి జోలికి వెళ్లకపోవడమే మంచిది.

చెక్కలో పొటాషియం, కాల్షియం తక్కువ. పొటాషియం కోసం కట్టెల బూడిద కొంచెం, కాల్షియం కోసం నలిపిన కోడిగుడ్డు పెంకులు వేశాను. నైట్రేటు తయారయ్యేటప్పుడు పుట్టే ఆమ్లం పెంకులను మెల్లగా కరిగిస్తుంది. ఈ సర్దుబాటు చూస్తుంటే నిజంగా ముచ్చటేసింది. ఇనుము మాత్రం అందలేదు. లేత ఆకులు పసుపెక్కి ఈనెలు పచ్చగా మిగిలాయి. అక్కడా ఈడీటీఏ ఐరన్ వేయక తప్పలేదు.

మొదటి కోతలో లవణాల టబ్బు స్పష్టంగా ముందుంది. రెండో కోతకు తేడా తగ్గింది. రుచిలో తేడా ఇంట్లో ఎవరికీ తెలియలేదు. నాకది వింతగా అనిపించలేదు, ఏ దారిలో వచ్చినా వేరు తీసుకునే నైట్రేటు ఒకటే. లవణాలతో పెంచిన ఆకుకూరను విషమంటే నాకు బాధ కలుగుతుంది.

పేడ, బెల్లం వంటివి కలిపి చేసే జీవామృతం పోయవచ్చా అని చాలామంది అడుగుతున్నారు. అది మట్టి కోసం రూపొందింది. అందులోని బెల్లం నీళ్లలో పడితే బాక్టీరియా ఒక్కసారిగా పెరిగి వేర్లకు దక్కాల్సిన ఆక్సిజన్‌ను లాగేస్తుంది. ఆకులు నీటికి ఇంత దగ్గరగా పెరిగే చోట పేడ కలిపిన ద్రావణం వద్దని గట్టిగా చెబుతాను, ముఖ్యంగా పచ్చిగా తినే ఆకుల విషయంలో.

ఇక ఎండాకాలం. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 30 డిగ్రీల దగ్గర 7.5 మాత్రమే. చెక్క టబ్బులో వేర్లతో పాటు బాక్టీరియాకూ అది చాలాలి. అందుకే మార్చి నుంచి రెండు టబ్బులకూ లవణాలే వాడతాను. ఇటుక ముక్కల బకెట్‌ను నీడలో ఉంచి, గాలి ఆపకుండా, రోజూ చిటికెడు చెక్కతో బతికిస్తాను. అందులోని నీళ్లు కుండీల్లోని టమాటాలకు వెళ్తాయి.