ఆదివారం, సెల్ఫ్ మోటారు

కొన్నాళ్ళుగా కారు తాళం తిప్పితే "టక్" మని ఒక్క చప్పుడు, అంతే. మళ్ళీ తిప్పితే ఒక్కోసారి ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది. చూసినవాళ్ళంతా బ్యాటరీ పోయిందన్నారు. నాకు నమ్మకం కుదరలేదు. బ్యాటరీ నీరసపడితే టకటకటక మని వరసగా కొట్టుకుంటుంది. తాళం తిప్పగానే సెల్ఫ్ మోటారుకి, అంటే ఇంజినుని తిప్పి స్టార్టు చేసే మోటారుకి, కరెంటు కలిపే అయస్కాంత స్విచ్చే సొలినాయిడ్. అది పట్టుకోగానే మోటారు కరెంటంతా లాగేస్తుంది, వోల్టేజి పడిపోయి సొలినాయిడ్ వదిలేస్తుంది, వదలగానే వోల్టేజి లేచి మళ్ళీ పట్టుకుంటుంది. మాది ఒక్క టక్కే. పైగా హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పినా వెలుగు తగ్గలేదు. అంటే మోటారు కరెంటు తీసుకోవడమే లేదు.

అయినా కొలవకుండా మోటారు కొనడం ఇష్టంలేక తమ్ముణ్ణి లోపల కూర్చోబెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, తాళం తిప్పమన్నాను. బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులు, తిప్పుతున్నప్పుడూ దాదాపు అంతే. మోటారుకి వచ్చే లావు వైరు దగ్గరా అదే. తాళం నుంచి వచ్చే సన్న వైరులోనూ కరెంటుంది. సొలినాయిడ్ దాటి మోటారులోకి దిగే స్టడ్ (మరలున్న కడ్డీ) దగ్గర మాత్రం సున్నా. దొంగ దొరికాడు.

"సుత్తితో నెమ్మదిగా రెండు తట్టు అన్నయ్యా, అందరూ అదే చేస్తారు" అన్నాడు వాడు. మోటారు లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్లు అరిగితే, తట్టినప్పుడు కాస్త కదిలి పనిచేస్తాయి, నిజమే. దారిలో ఆగిపోతే ఇంటికి చేరడానికి పనికొచ్చే వైద్యం అది. గట్టిగా తగిలిందా, లోపలి మాగ్నెట్లు పగిలినా పగులుతాయి. కొత్త మోటారే తెప్పించాను.

ఇవాళ పొద్దున్నే ముందు బ్యాటరీ మైనస్ తీశాను. ఈ పనిలో దాటవేయకూడని మెట్లలో ఇది మొదటిది అంటాను. బ్యాటరీ ప్లస్ నుంచి మోటారుకి వెళ్ళే లావు వైరుకి మధ్యలో చాలా కార్లలో ఫ్యూజు ఉండదు. మైనస్ ఉండగా పానా అటు ఆ నట్టునీ ఇటు ఇంజినునీ ఒకేసారి తాకితే వందల ఆంపియర్లు పానా గుండానే పోతాయి. తర్వాత జాకీ ఎత్తి, స్టాండ్ల మీద దించి, కారుని ఊపి చూసి కిందకి దూరాను. జాకీ ఒక్కదాన్ని నమ్ముకుని కారు కిందకి వెళ్ళేవాళ్ళతో నేను వాదించను, కానీ పక్కన నిలబడను కూడా.

కింది బోల్టు మర్యాదగా వచ్చేసింది. పై బోల్టుంది చూశారూ! కంటికి కనపడదు, వేలికి మాత్రం కాస్త తగులుతుంది. దాన్ని బిగించిన రోజున ఇంజిను బయట బల్ల మీద ఉండి ఉంటుంది, చుట్టూ ఈ పైపులూ వైర్లూ తర్వాత వచ్చి చేరి ఉంటాయి. ఫోను లోపలికి దూర్చి వీడియో తీస్తేగానీ అది ఎటు తిరిగి ఉందో తెలియలేదు. పక్కనుంచి రాట్చెట్ పెడితే ఒక్క పన్ను జరగడానికే చోటు. చివరికి గేర్‌బాక్స్ మీదుగా రెండు ఎక్స్‌టెన్షన్లు కలిపి, కొసకి యూనివర్సల్ జాయింటూ సాకెట్టూ తగిలించి పంపాను. తమ్ముడు కొస పట్టుకుని బోల్టు తల మీద కూర్చోబెట్టాడు, నేను ఇవతలి నుంచి తిప్పాను. "కడక్" మన్నప్పుడు విరిగిందేమోనని ఇద్దరం ఒకర్నొకరం చూసుకున్నాం. విరగలేదు, వదిలింది.

పూర్వం హ్యాండిల్ వేసి ఇంజిను తిప్పేవారు. ఇంజిను వెనక్కి తన్నితే చెయ్యి విరిగేది. చార్లెస్ కెట్టరింగ్ ఎలక్ట్రిక్ సెల్ఫ్ తయారుచేసి, అది 1912 క్యాడిలాక్‌లో వచ్చాక ఆ కష్టం పోయిందంటారు. పోలేదు, కారు ముందు నుంచి కారు కిందకి మారిందంతే.

పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి పినియన్ (మోటారు కొసనుండే చిన్న పళ్ళ చక్రం) పళ్ళు లెక్కపెట్టాం, బోల్టు రంధ్రాలు సరిచూశాం. బ్యాటరీ బయటకి తీసి, జంపర్ కేబుళ్ళతో కొత్తదాన్ని నేల మీదే తిప్పి చూశాం. కాలితో తొక్కిపట్టినా దూడలా గెంతింది. కన్నంలోంచి టార్చి వేసి, క్రాంక్‌ని సాకెట్‌తో తిప్పుతూ, పినియన్ తిప్పే ఫ్లైవీల్ రింగు పళ్ళన్నీ చూశాను. నాలుగు సిలిండర్ల ఇంజిను ఆపినప్పుడల్లా దాదాపు అవే రెండు చోట్ల ఆగుతుంది కాబట్టి అరుగుదల అక్కడే తేలుతుంది. పళ్ళు బాగున్నాయి. మోటారుకి ఎర్త్, అంటే బ్యాటరీ మైనస్‌కి కరెంటు తిరుగుదారి, దాని ఒంటి గుండానే అందాలి గనక, అది కూర్చునే చోటు ఇనుప బ్రష్షుతో గీకి మెరిపించాను. రాగి స్టడ్ మీది నట్టు మాత్రం అతిగా బిగించలేదు, కింద ఉన్నది ప్లాస్టిక్.

మైనస్ ఆఖర్న తగిలించి తాళం తిప్పితే మొదటి అరక్షణంలోనే అందుకుంది. బ్యాటరీ తీసినందుకు గడియారం పన్నెండుకి పోయింది, ఐడ్లింగ్ కాసేపు తడబడి సర్దుకుంది.

సాయంత్రం పాతదాని సొలినాయిడ్ మూత విప్పాం. లోపలి రెండు రాగి కాంటాక్టుల్లో ఒకటి నల్లగా మాడి, సగానికి పైగా తినేసినట్టు అరిగి ఉంది. కార్బన్లకి ఇంకా బోలెడు ఆయుష్షుంది.

"ఈ ముక్క కోసమా ఇదంతా?" అన్నాడు తమ్ముడు.

"ముక్క మార్చాలన్నా మోటారు దించాల్సిందే కదరా" అన్నాను. కాంటాక్టుల కొలతలు రాసుకున్నాను. విడిగా దొరికితే వేసేసి, పాత మోటారుని స్పేర్‌గా దాచుకుంటాం.