తాడుకు అవతల నాలుగు గుడ్లు

2024 మే నెలాఖరున షికాగో శివారు నేపర్‌విల్‌లో ఉంటున్న మా అబ్బాయి దగ్గరకు వెళ్ళేటప్పుడు, చూడవలసిన చోట్లు అంటూ మా ఆవిడ రాసిపెట్టుకున్న కాగితంలో అరోరాలోని బాలాజీ గుడి, నయాగరా, విల్లిస్ టవర్ ఉన్నాయి గాని పిట్ట గుడ్లు లేవు. మునిసిపాలిటీలో ముప్పై ఏళ్ళు గుమాస్తా నుంచి మేనేజరు దాకా పనిచేసి రిటైరైన నాకు కూడా అటువంటి ఆలోచన లేదు. మా అబ్బాయి ఆఫీసులో పక్క సీట్లో కూర్చునే ఒక పెద్దాయన శనివారాల్లో మాంట్రోజ్ బీచ్‌కు వెళ్ళి పిట్టలకు కాపలా కాస్తాడని, జీతం భత్యం ఏమీ లేకుండానే ఆ పని చేస్తాడని భోజనాల దగ్గర మాటల్లో తెలిసింది. కాపలా అనేసరికి నాకు కుతూహలం కలిగింది. జూన్ చివరి వారంలో ఒక ఉదయం, ఆరేళ్ళ మనవరాలిని కూడా వెంటబెట్టుకుని బయలుదేరాము.

మిషిగన్ సరస్సును సరస్సు అనడం మాటవరసకే. అవతలి ఒడ్డు కనిపించదు, అలలు వచ్చి విరుగుతాయి, పొడవు 300 మైళ్ళు దాటుతుంది. బాపట్ల వాడిని కాబట్టి ఒడ్డున నిలబడగానే అలవాటుగా గాలి పీల్చాను. సూర్యలంకలో ముందు ముక్కుకు తగిలే ఉప్పు వాసన, ఎండుచేపల వాసన ఇక్కడ లేకపోవడంతో ఏదో వెలితిగా అనిపించింది. ఉత్తరం వైపు కొంత ఇసుకను కుక్కల కోసం కేటాయించారు. మధ్యలో స్నానాలు చేసేవాళ్ళూ వాలీబాల్ వలలూ, దక్షిణపు కొసన గడ్డి దుబ్బులతో చిన్న చిన్న ఇసుక దిబ్బలూ ఉన్నాయి. ఆ దిబ్బల ముందు కొయ్యలు పాతి, కొయ్యకూ కొయ్యకూ మధ్య ఒక తాడు కట్టి, అక్కడక్కడ బోర్డులు తగిలించారు. మనిషి నడుమెత్తు కూడా లేదు. పిల్లవాడు దూరిపోవచ్చు, పెద్దవాడు కాలెత్తి దాటిపోవచ్చు. మన దగ్గర ఆక్రమణలు ఆపడానికి ముళ్ళకంచె వేసినా తెల్లారేసరికి కొయ్యలు సైతం మాయమైపోవడం చూసిన కళ్ళతో ఆ తాడును చూసి, లోలోపల నవ్వుకున్నమాట నిజం.

ఆ దిబ్బలు పుట్టిన తీరు పెద్దాయన చెబుతుంటే నాకు మరీ ఆసక్తి కలిగింది. షికాగో పార్క్ డిస్ట్రిక్ట్ అనే స్థానిక సంస్థ 1934లో ఏర్పడింది. 600కు పైగా పార్కులూ సరస్సు ఒడ్డున బీచ్‌లూ దాని చేతిలో ఉన్నాయి. వేసవిలో బీచ్‌లను యంత్రాలతో దువ్వి, చెత్తా నాచూ ఏరి, ఇసుకను చదును చేయడం దాని మామూలు పని. 2000 ప్రాంతంలో సరస్సు నీటిమట్టం తగ్గి మాంట్రోజ్ కొసన తడి ఇసుక బయటపడినప్పుడు, ఎక్కడినుంచో కొట్టుకొచ్చిన గింజలు మొలిచి, తుంగ జాతి మొక్కలు తలెత్తాయట. వాటిని గుర్తుపట్టిన ప్రకృతి ప్రేమికులు అడిగినమీదట, ఆ మూలకు దువ్వెన యంత్రాన్ని పంపడం మానేశారు. అంతే, మానేశారు. మిగిలిన పని గాలి చేసింది. ఎగిరొచ్చిన ఇసుక గడ్డి దుబ్బుల దగ్గర ఆగి దిబ్బలైంది. ఒక ప్రభుత్వ సంస్థ ఒక పని చేయకపోవడం వల్ల ఊరికి మేలు జరగడం నా సర్వీసులో నేను ఎరగను. చేయని పనికి మా దగ్గర మెమోలు ఇచ్చేవారు.

ఆ దిబ్బల పక్కన ఖాళీ ఇసుకనూ గులకరాళ్ళనూ వెతుక్కుంటూ వచ్చే పిట్ట పేరు పైపింగ్ ప్లోవర్. మిషిగన్‌తో కలిపి గ్రేట్ లేక్స్ అని పిలిచే పెద్ద సరస్సుల ఒడ్డున ఒకప్పుడు కొన్ని వందల జంటలు ఉండేవట. బీచ్‌ల మీద ఇళ్ళూ జనమూ కుక్కలూ పెరిగేకొద్దీ అవి తరిగిపోయి, 1986లో సమాఖ్య ప్రభుత్వపు అంతరించిపోతున్న జాతుల జాబితాకు ఎక్కాయి. 1990 నాటికి పెద్ద సరస్సులన్నిటికీ కలిపి డజను జంటలు మాత్రమే మిగిలాయి. నేను వెళ్ళేనాటికి ఆ సంఖ్య 80కి చేరింది. చేరవలసిన లక్ష్యం 150. ఇక షికాగో నగరంలోనైతే అరవై ఏళ్ళకు పైగా ఒక్క గూడు కూడా లేదు. 2019లో ఒక జంట వచ్చి జనం కిటకిటలాడే ఈ మాంట్రోజ్ ఒడ్డునే గుడ్లు పెట్టింది. మాంట్రోజ్ అనే పేరును రెండు ముక్కలు చేసి, మగదానికి మాంటీ అనీ ఆడదానికి రోజ్ అనీ ఊరివాళ్ళు పేర్లు పెట్టుకున్నారు.

ఆ ఏడు సరస్సు పొంగి మొదటి గూటి మీదికి నీళ్ళు వచ్చే ప్రమాదం ఏర్పడడంతో గుడ్లను జంతు ప్రదర్శనశాలకు తరలించవలసి వచ్చింది. ఆ జంట మళ్ళీ గుడ్లు పెట్టి పొదిగింది. ఇంతలో ఆగస్టులో అదే బీచ్‌లో రెండు రోజుల పెద్ద సంగీతోత్సవం జరగవలసి ఉంది. పిట్టల పక్షాన జనం గగ్గోలు పెట్టారు, చివరికి నిర్వాహకులే ఉత్సవాన్ని రద్దు చేసుకున్నారు. 2021లో పార్క్ డిస్ట్రిక్ట్ ఆ రక్షిత ప్రదేశానికి మరో 3.1 ఎకరాలు కలిపింది. మన లెక్కలో మూడెకరాల పది సెంట్లు. ఊరి బయట పొలం కాదు, మహానగరంలో జనం వేసవి అంతా ఎదురుచూసే ఇసుక. అక్కడ పది సెంట్లు వదులుకోవడానికి ఎన్ని దరఖాస్తులూ ఎన్ని మీటింగులూ అయి ఉంటాయో ఊహించుకోవడం నా వృత్తి రీత్యా నాకు కష్టం కాలేదు.

పెద్దాయన మూడుకాళ్ళ స్టాండు మీది టెలిస్కోపును సరిచేసి, మా మనవరాలి ఎత్తుకు దించి ఇచ్చాడు. నా వంతు వచ్చాక నేను కూడా వంగి చూశాను. ముందు ఇసుక తప్ప ఏమీ కనబడలేదు. తరువాత ఒక తీగల బోను కనిపించింది, బోను మధ్యలో ఇసుకలోంచి ఒక కన్ను కనిపించింది, ఆ కన్ను చుట్టూ నెమ్మదిగా పిట్ట ఏర్పడింది. పొడి ఇసుక రంగు వీపు, మెడకు ఒక నల్లటి పట్టీ, నారింజ రంగు కాళ్ళు. పిచ్చుక కంటే కాస్త పెద్దది, గోరింక కంటే చిన్నది, బరువు ఒక కోడిగుడ్డంత. కాలికి రంగురంగుల కడియాలు, ఒక నారింజ రంగు జెండా వంటి ముక్క తొడిగారు. ఏ పిట్ట ఎవరి బిడ్డో, ఎక్కడ పుట్టిందో ఆ రంగులను చదివి చెబుతారట. అది లేచి బోను కన్నంలోంచి తల కూడా వంచకుండా బయటకు నడిచింది. కన్నాలు పిట్ట పట్టేటంత, కుక్కో రకూన్ అనే అడవి జంతువో పట్టనంత. అది లేచిన చోట ఇసుకలో చిన్న గుంట, గుంటలో రాళ్ళ రంగులో నాలుగు గుడ్లు. గూడు అనడానికి ఒక్క పుల్ల కూడా లేదు.

ఆ గుడ్లను చూడగానే నాకు మా నాన్న గుర్తుకొచ్చాడు. మా మెట్టచేలో తీతువు పిట్టలు ఇలాగే ఉత్త నేల మీద, మట్టిబెడ్డల మధ్య నాలుగేసి గుడ్లు పెట్టేవి. దుక్కి వేళ అవి అరిచి గోల చేస్తే, మా నాన్న అరక ఆపి, గుడ్లు ఎక్కడున్నాయో చూసి, అక్కడ చాపంత మేర దున్నకుండా వదిలేసేవాడు. అదే తీతువు రాత్రిపూట ఇంటి మీదుగా అరుస్తూ పోతే అపశకునమని మా నాయనమ్మ తిట్టిపోసేది. తీతువూ ఈ ప్లోవరూ ఒకే కుటుంబానికి చెందినవని, మనిషి గూటి దగ్గరకు వస్తే రెక్క విరిగినట్టు నటించి దూరంగా లాక్కుపోవడం ఈ ప్లోవరుకూ అలవాటేనని పెద్దాయన చెప్పినప్పుడు, నేను మా చేను సంగతి చెప్పాను. మా అబ్బాయి ఇంగ్లీషులోకి మార్చి చెబుతుంటే ఆయన శ్రద్ధగా విని, “మీ నాన్నగారికి ఈ బోర్డులన్నీ అక్కరలేకపోయాయన్నమాట” అన్నాడు.

గూటిలో ఉన్నది ఇమాని అనే మగపిట్టట. మాంటీ, రోజ్‌లకు 2021లో పుట్టిన పిల్ల అది. స్వాహిలీలో ఆ పేరుకు విశ్వాసం అని అర్థం. తల్లిదండ్రులు చలికాలంలో వేరువేరు చోట్లకు, మాంటీ టెక్సాస్ తీరానికీ రోజ్ ఫ్లోరిడా తీరానికీ పోయి, వసంతంలో మళ్ళీ ఈ ఒడ్డునే కలుసుకునేవి. 2022లో మాంటీ వచ్చింది, రోజ్ రాలేదు. మే 13న మాంటీ కూడా ఊపిరితిత్తులకు బూజు తెగులు సోకి ఈ ఒడ్డునే చనిపోయింది. ఆ తరువాత ఇమాని ఒంటరిగా తిరిగొచ్చి, జత దొరకక రెండు వేసవులు ఇక్కడే గడిపింది. 2023లో మిషిగన్ రాష్ట్రంలో తల్లులు వదిలేసిన గుడ్లను సేకరించి, మనుషుల చేతుల్లో పెంచిన మూడు పిల్లలను తెచ్చి ఈ బీచ్‌లో వదిలారు. వాటిలో ఒకటి సీ రాకెట్. ఇసుకలో పెరిగే ఒక మొక్క పేరు అది. మరుసటి ఏడు ఆ ఆడపిట్టే తిరిగి వచ్చి ఇమానితో జతకట్టింది. ఆ ఇద్దరి గుడ్లనే మేము చూస్తున్నాము.

సరిగ్గా అప్పుడే సరస్సు మీదినుంచి గాలి విసురుగా వచ్చి మా మనవరాలి గులాబీ రంగు టోపీని ఎగరగొట్టింది. అది దొర్లుకుంటూ పోయి తాడుకు అవతల, ఆరేడు అడుగుల దూరంలో ఒక గడ్డి దుబ్బుకు ఆనుకుని ఆగింది. చెయ్యి చాచితే అందదు గాని రెండు అంగలు వేస్తే అందుతుంది. నా కాలు అప్పటికే లేచింది. పెద్దాయన నన్ను పట్టుకోలేదు, కేక వేయలేదు, ఊరికే అడ్డంగా చెయ్యి చాచి, “ఇమాని చూస్తోంది” అన్నాడు. పిట్ట నిజంగానే ఇసుకలో నిలబడిపోయి మావైపు చూస్తోంది. మనిషి లోపల అడుగు పెడితే అది గుడ్లను వదిలి పరుగెడుతుందని, ఈ ఎండకు గుడ్లు ఎంతోసేపు నిలవవని, తనకు కూడా తాడు దాటే అధికారం లేదని, పార్క్ డిస్ట్రిక్ట్ వాళ్ళు పని మీద లోపలికి వెళ్ళినప్పుడు తీసి పెడతారని వివరించాడు. మా మనవరాలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఏమాత్రం బలం లేని ఆ తాడు ముందు, ముప్పై ఏళ్ళ సర్వీసు చేసిన నేను ఎత్తిన కాలు దించుకుని నిలబడ్డాను.

అందరికీ ఇది సమ్మతమేనా అని అడిగితే ఆయన అబద్ధం చెప్పలేదు. కుక్కల పట్టీ విప్పి వదిలేవాళ్ళు ఉన్నారు, డ్రోన్లు ఎగరేసేవాళ్ళు ఉన్నారు. పక్కన వాలీబాల్ ఆడుతున్న కుర్రవాడొకడు బంతి కోసం ఇటు వచ్చి, ఈ ఊళ్ళో ఇల్లు అద్దెకు దొరకాలంటే ప్లోవరుగా పుట్టాలని నవ్వుతూ అని వెళ్ళాడు. అందులో కొంత ఉక్రోషం ఉందని నాకు అనిపించింది, అది అన్యాయమైన ఉక్రోషమని కూడా అనలేను. మనుషుల సంగతి ఎలా ఉన్నా జంతువులకు బోర్డులు చదవడం రాదు. 2021 జూన్‌లో బోను ఉండగానే స్కంక్ అనే జంతువు గుడ్లన్నిటినీ తినేసిందట. మాంటీ, రోజ్ మళ్ళీ గుడ్లు పెట్టబట్టే ఆ ఏడు ఇమాని పుట్టింది. వారాల తరబడి వంతులు వేసుకుని కాసిన కాపలా ఒక్క రాత్రిలో పోయిన మర్నాడు కూడా ఆ మనుషులు మళ్ళీ కుర్చీలు వేసుకుని ఇక్కడికి వచ్చి కూర్చున్నారంటే, నాకు ఆ పిట్టల కంటే ఆ మనుషులే వింతగా తోచారు.

తిరుగు ప్రయాణంలో మా అబ్బాయి, మన దగ్గర ఇటువంటిది లేదు కదా నాన్నా అన్నాడు. లేకేమని, మన తీరంలో అటవీశాఖ వాళ్ళు చలికాలం రాత్రుల్లో తిరిగి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళ గుడ్లను ఏరి, కంచె వేసిన హేచరీల్లో ఇసుకలో పాతిపెట్టి, పిల్లలయ్యాక సముద్రంలో వదులుతారని చెప్పాను. అయితే అది అటవీశాఖ పని. కార్తీక పౌర్ణమికి సూర్యలంకలో లక్షల మంది మునకలేసే వేళ ఏర్పాట్లు చూసే స్థానిక సంస్థకు తాబేలు ఎవరిదో పట్టదు, నా సర్వీసులో నాకూ పట్టలేదు.

జులై నెలాఖరున, తిరుగు ప్రయాణానికి ముందు మరోసారి మాంట్రోజ్ వెళ్ళాము. నాలుగు గుడ్లూ పిల్లలయ్యాయి గాని మిగిలింది ఒక్కటే. దానికి నగమో అని పేరు పెట్టారు, ఈ సరస్సుల ఒడ్డున ఉండే అనిషినాబే అనే ఆదివాసుల భాషలో పాడుతుంది అని అర్థం. తల్లి అప్పటికే వలస వెళ్ళిపోయింది, ఈ జాతిలో చివరిదాకా పిల్లల్ని కనిపెట్టుకుని ఉండేది తండ్రేనట. తడి ఇసుక అంచున ఒక పెద్ద పిట్టా ఒక చిన్న పిట్టా నాలుగడుగులు పరుగెత్తడం, ఆగడం, ముక్కుతో పొడవడం, మళ్ళీ పరుగెత్తడం టెలిస్కోపు లేకుండానే కాసేపు చూశాము. బోను తీసేశారు. తాడు మాత్రం ఉంది.

టోపీని ఎవరో తెచ్చి మొదటి కొయ్యకు తగిలించి పెట్టారు. నెలరోజుల ఎండకు గులాబీ రంగు వెలిసిపోయింది. మా మనవరాలు దాన్ని తిప్పి దులిపితే మడతల్లోంచి పిడికెడు ఇసుక రాలింది. ఇది లోపలి ఇసుక కదా తాతయ్యా అని, రాలినంత మేరా రెండు చేతులతో ఎత్తి, తాడు కిందుగా చేతులు పెట్టి లోపల పోసింది.