పన్నెండుకే చెమటలు పట్టాయి

ఆదివారం, రాత్రి పదిన్నర.

ఇవాళ పెట్టుకున్న పని ఒక్కటే, గిటార్‌కి తీగలు మార్చడం. నాది పన్నెండు తీగల గిటార్, మూడేళ్ళ కిందట బోనస్ వచ్చిన ఊపులో కొన్నాను. వానలు మొదలయ్యాక తీగలు తుప్పెక్కి వేళ్ళకి నల్లగా అంటుకుంటున్నాయి, వచ్చే ఆదివారం మారుద్దాం అనుకుంటూనే రెండు నెలలు గడిపేశాను. కాఫీ తాగి హాల్లో దుప్పటి పరిచి కూర్చున్నా. అమ్మ విజయనగరం నుంచి వచ్చి వారమైంది, నా ఎదురుగా గోరుచిక్కుడు ఈనెలు తీస్తోంది.

పాతవి విప్పడానికి పావుగంట చాలు. కొత్తవి ఎక్కించి శ్రుతి చేయడం దగ్గరే అసలు గొడవ. ఒక తీగ బిగిస్తే అంతకుముందే కుదిరిన పక్క తీగ దిగిపోతుంది, ఎందుకంటే లాగుడు పెరిగేకొద్దీ గిటార్ మెడ పిసరంత ముందుకి వంగుతుంది, తీగల కొసలు పట్టి ఉంచే బ్రిడ్జి అతికించిన పైచెక్క కూడా కాస్త ఉబ్బుతుంది, దాంతో మిగతావన్నీ వదులవుతాయి. అందుకని మొత్తం మూడు నాలుగు సార్లు తిరిగి రావాలి. మూడో రౌండులో ఉండగా టప్ మని తెగింది, ఏది తెగుతుందని భయపడ్డానో అదే. పన్నెండు తీగల గిటార్ అంటే ఆరు జతలు, సన్న తీగల వైపున్న రెండు జతల్లో రెండు తీగలదీ ఒకటే స్వరం, మిగతా నాలుగింటిలో లావు తీగ పక్కన ఒక స్థాయి పైన పలికే సన్న తీగ ఉంటుంది. తెగింది ఆ వైపు నుంచి మూడో జతలోని సన్న తీగ, మిల్లీమీటర్‌లో ఐదో వంతు కూడా ఉంటుందో లేదో, కానీ గిటార్ మొత్తంలో దాని శ్రుతే పైది. కొసలు చేతి మీద గీరుకుపోయాయి, కొంచెం రక్తం కూడా వచ్చింది.

"ఎందుకురా ఇన్ని తీగలు, వీణకి ఏడుంటే సరిపోవట్లేదూ" అంది అమ్మ. మా ఇంట్లో ఇది పాత చర్చ. ఆవిడ చిన్నప్పుడు నాలుగేళ్ళు వీణ నేర్చుకుంది, వాయించేవి నాలుగు, తాళానికి మూడు, అంతకు మించి ఏదైనా ఆవిడ లెక్కలో ఆర్భాటమే.

నాకు ఉక్రోషం వచ్చి ఫోన్ తీసి పాట్ మెథెనీ వీడియో పెట్టాను. అమెరికా జాజ్ గిటారిస్టు, ఒళ్ళో పికాసో గిటార్. నాలుగు మెడలు, రెండు ధ్వని రంధ్రాలు, 42 తీగలు. పికాసో క్యూబిస్టు బొమ్మల్లోంచి లేచి వచ్చినట్టు ఉంటుందని ఆ పేరు. కొన్ని తీగలు మామూలు గిటార్‌లా వెళ్తే, కొన్ని వాటి మీదుగా ఏటవాలుగా, కొన్ని ఇంకో మూలకి. అమ్మ కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూసింది.

"ఏటిరా అది, నులక మంచం ఒళ్ళో పెట్టుకున్నట్టున్నాడు!"

పగలబడి నవ్వాను. నేను కూడా కాలేజీ రోజుల్లో మొదటిసారి చూసినప్పుడు ఇదంతా షో అనే అనుకున్నా, స్టేజి మీద జనం నోరెళ్ళబెట్టడానికి చేయించుకున్నాడని. అమ్మ మాత్రం అక్కడితో ఆగలేదు. "నులక అల్లడం ఎవరైనా చేస్తారు, మీ తాతయ్య కూడా అల్లేవాడు. పట్టెలు గట్టివి కాకపోతే బిగించేకొద్దీ మంచం పెడగా తిరిగిపోద్ది. దీన్ని చేసినోడెవడో వాణ్ణి చూపించు."

చేసింది ఆడమనిషి అని చెప్పాను. లిండా మాంజర్, కెనడా. 1984లో మెథెనీ ఆవిణ్ణి అడిగింది, వీలైనన్ని ఎక్కువ తీగలున్న గిటార్ కావాలని, అంతే. అదీ ఒక కోరికేనా అసలు! మన ఆఫీసులో క్లయింటు ఇలా అడిగితే ముందు మీటింగ్ పెట్టి ఆ మాటకి అర్థమేంటో నెల రోజులు తేల్చేవాళ్ళం. ఆవిడ రెండేళ్ళు కూర్చుని చేసింది. అన్ని తీగలూ పూర్తిగా బిగిస్తే ఆ పెట్టె మీద పడే లాగుడు దాదాపు వెయ్యి పౌన్లు, అంటే 450 కిలోలు, అంటే తొమ్మిది సిమెంటు బస్తాలు. నా గిటార్ మీద వంద కిలోల పైచిలుకు ఉంటుంది, దానికే పైచెక్క ఉబ్బుతోంది. అన్ని బస్తాల లాగుడుని పలచని చెక్క ఆపాలి, ఆపుతూనే మోగాలి కూడా. పట్టు కోసం చెక్క మందం పెంచితే మూగదైపోతుంది, మోత కోసం పలచన చేస్తే ఊడొస్తుంది. పొద్దున తీగ తెగిన చేత్తో ఆలోచిస్తే తీగల లెక్క కంటే ఇదే నాకు ఆశ్చర్యంగా అనిపించింది. ఇన్నేళ్ళూ నేను తీగలు లెక్కపెడుతూ కూర్చున్నా, పట్టె సంగతి ఒక్కసారి కూడా తట్టలేదు.

ఇంకో తమాషా. అంత పెట్టెని ఒళ్ళో పెట్టుకుంటే వాయించేవాడికి తీగలు కనపడాలి కదా. అందుకని ఛాతీ వైపు అంచు పలచగా, మోకాలి మీద ఆనే అంచు మందంగా, తలుపు కింద దోపే చెక్కముక్కలా వాలుగా చేసింది, దాంతో ముఖం మొత్తం అతని వైపు వాలుతుంది, కుడిచేతికీ సుఖం. లోపల చేయి పెట్టి రిపేర్లు చేసుకోవడానికి పెట్టెకి రెండు చిన్న తలుపులు! బరువు 6.7 కిలోలు కాబట్టి స్టాండుకి బిగించుకోవడానికి పక్కన రెండు కన్నాలు. ఆ వాలు ఆకారం తర్వాత మామూలు ఆరు తీగల గిటార్లకి కూడా వచ్చింది, వింత గిటార్ కోసం పట్టిన ఉపాయం మామూలు వాళ్ళ భుజం నొప్పికి పనికొచ్చిందన్నమాట.

మధ్యాహ్నం పప్పుచారు తిన్నాక ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని 1997 నాటి 'ఇమాజినరీ డే' ఆల్బమ్‌లోంచి 'ఇన్‌టు ద డ్రీమ్' మళ్ళీ విన్నా. ఈసారి ఒక్కో తీగ ఎక్కడుందో వెతుకుతూ. చాలా తీగల మీద ఎడమచేయి వేలు పెట్టేదే ఉండదు, అవి హార్ప్‌లా తెరిచి ఉంటాయి, కుడిచేత్తో అలా జారుస్తాడు, ఎడమచేయి మాత్రం మామూలు మెడ మీద వేళ్ళతో కొడుతూనే స్వరాలు పలికిస్తుంది. మీటిన తీగ ఆగకముందే ఇంకొకటి, దాని మీద ఇంకొకటి. నిజం చెప్పాలంటే అతను ఈ గిటార్ మీద వాయించిందంతా నాకు నచ్చదు, ఒక్కోసారి గలగల ఎక్కువై పాట అందులో మునిగిపోయినట్టుంటుంది. ఇది మాత్రం బాగుంటుంది.

సాయంత్రం టీ దగ్గర అమ్మ మళ్ళీ ఎత్తింది. "మరి మన పాలకొల్లు కుర్రాడు తీగలు తీసేశాడు కదరా." మాండలిన్ శ్రీనివాస్ గురించి. నేనసలు ఇటువైపు ఆలోచించనే లేదు. మామూలు మాండలిన్‌కి నాలుగు జతలు, ఎనిమిది తీగలు, గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ సాగదీయడం, పలకాలంటే రెండు తీగల్నీ ఒకేలా లాగాలి, అది కుదిరే పని కాదు. ఆయన జతలు మానేసి ఎలక్ట్రిక్ మాండలిన్ మీద ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నాడు. ఆయనతో కలిసి ఊరూరా వాయించిన ఇంగ్లండు గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్‌దేమో ఎదురు లెక్క, 1970ల్లో 'శక్తి' బృందం కోసం ప్రత్యేకంగా చేయించుకున్న గిటార్‌కి మామూలు తీగలు కాక ఏటవాలుగా మరో ఏడు అనునాద తీగలు, మిగతావి మోగితే వాటంతట అవే మోగేవి. అతనూ వీణ నేర్చుకున్నవాడే, అందుకే మెట్ల మధ్య చెక్కని గుంటలుగా తొలిపించుకున్నాడు, తీగని లోపలికి నొక్కి వంచడానికి. ఇది చెప్పగానే అమ్మ ముఖంలో గెలిచిన కళ. "చూశావా, చివరికి వీణ దగ్గరికే వచ్చారు" అంది. సరేలే అన్నా, ఆవిడతో వాదించి ఎవరు గెలిచారు.

గిటార్ ఇంకా పదకొండు తీగలతోనే ఉంది. రాత్రి అలాగే కాసేపు వాయించా. మూడో జత దగ్గరికి వచ్చినప్పుడల్లా మెరుపు కాస్త తగ్గినట్టు తెలుస్తోంది, అమ్మకి మాత్రం ఏ తేడా లేదట. ఈసారి అరస్వరం తగ్గించి శ్రుతి చేశాను, లాగుడు కాస్త తగ్గుతుందని. పడుకోబోయే ముందు తీగలకి ఆర్డర్ పెడుతుంటే భుజం మీంచి తొంగి చూసి, "మరి ఆ నలభై రెండు తీగలాయన ఎన్ని ప్యాకెట్లు కొంటాడ్రా" అంది.

నేను రెండు సెట్లు పెట్టాను.