మణికట్టు అతికింది, వేళ్లు వంగలేదు

సెప్టెంబరు చివర్లో ఒక శనివారం. రాత్రంతా వాన పడి పొద్దున తెరిపిచ్చింది. వైజాగ్ ఎం.వి.పి. కాలనీ రైతుబజారులో కూరలు తీసుకుని బయటికి వస్తున్నాను. తొక్కేసిన కొత్తిమీర కాడలు తడిసి ఉన్న చోట కాలు జారింది. పడేటప్పుడు ఎవరైనా చేసే పనే నేనూ చేశాను. కుడి అరచెయ్యి నేలకి ఆనించాను. ఒంటి బరువంతా దాని మీద పడింది. ఆకుకూరలమ్మే ఆవిడ నన్ను లేవదీస్తూ, "అయ్యో తల్లీ, సెయ్యి ఒంకరైపోనాది" అంది. చూసుకుంటే నిజమే. మణికట్టు పైభాగం ఉబ్బి, అక్కడి నుంచి చెయ్యి వెనక్కి వంపు తిరిగి ఉంది. అది చూశాకే నొప్పి తెలిసింది.

ఆవిడే ఇంకో మాట చెప్పింది. "గాజులు తీసీయమ్మా, వాపొచ్చిందంటే ఇంక రావు." మట్టిగాజులు రెండు అప్పటికే చిట్లాయి. మిగిలినవి ఆవిడే జాగ్రత్తగా తీసి నా సంచిలో వేసింది. ఉంగరం మాత్రం నేను పట్టించుకోలేదు. గంటలో వేలు లావెక్కిపోయి, చివరికి దాన్ని కత్తిరించాల్సి వచ్చింది. చెయ్యి విరిగిందని అనుమానం వస్తే మొదట తీయాల్సినవి గాజులు, ఉంగరాలు, వాచీ. మా అత్తయ్యకి నా బోసి చెయ్యి చూసి మనసు ఒప్పలేదు. ఎడమ చేతికి రెండు గాజులు ఎక్కువ వేసి ఊరుకున్నారు.

ఎక్స్‌రేలో తేలింది ఏమిటంటే, ముంజేతిలో బొటనవేలి వైపు ఉండే రేడియస్ ఎముక మణికట్టుకి కాస్త పైన విరిగి వెనక్కి జరిగింది. దీన్ని కాలీస్ ఫ్రాక్చర్ అంటారట. యాభై దాటిన ఆడవాళ్లు నేల మీద చెయ్యి ఆనించి పడితే ఎక్కువగా విరిగేది ఇక్కడేనని చెప్పారు. నాకు యాభై ఏడు. మా మరిది పుత్తూరు కట్టు కట్టిద్దామన్నాడు. ఆ కట్టు మీద మా ఇంట్లో పెద్దవాళ్లకి గట్టి నమ్మకం, దాన్ని నేను తక్కువ చేయను. కానీ కీలు పక్కన విరిగి ముక్క జరిగిపోయినప్పుడు ఎక్స్‌రే చూసుకుంటూ సరిచేయాలి కదా అని నేనే వద్దన్నాను.

ఇంటికి దగ్గర్లో ఉన్న ఒక చిన్న ఆసుపత్రిలో మత్తు ఇంజక్షన్ ఇచ్చి, చెయ్యి లాగి ఎముక సరిచేసి, సగం పిండికట్టు వేశారు. వాపు ఉన్నప్పుడు చుట్టూ పూర్తి కట్టు వేయకూడదు కాబట్టి అది సరే. కానీ ఆ కట్టు వేళ్ల సగం దాకా వచ్చేసింది. పైన గుడ్డ బిగించి చుట్టేశారు. ఆ రాత్రి పది దాటాక వేళ్లు దొండపళ్లలా ఉబ్బాయి. గోళ్లు నీలంగా మారాయి. మాత్ర వేసుకున్నా నొప్పి పెరుగుతోంది, చిటికెనవేలు తాకితే తెలియడం లేదు. ఫోన్ చేస్తే "వాపు మామూలేనమ్మా, పొద్దున రండి" అన్నారు. మా ఆయన పక్కన కూర్చుని ఆ వేళ్లు చూస్తూ తెల్లార్లూ గడిపారు. ఆ రాత్రి ఆగి ఉండాల్సింది కాదు. మందు వేసుకున్నా నొప్పి పెరుగుతుంటే, వేళ్లు తిమ్మిరెక్కినా, పాలిపోయినా, నీలమైనా అది ఎంత రాత్రయినా వెళ్లాల్సిన విషయం. తెల్లారి వేరే ఆసుపత్రికి వెళితే గుడ్డ నిలువునా కత్తిరించి వదులు చేశారు. పది నిమిషాల పని. వేళ్లకి రంగు తిరిగొస్తుంటే నాకు ఏడుపొచ్చింది.

అక్కడి డాక్టరు గారు అరచేతిలో అడ్డంగా ఉండే గీత బయటికి కనిపించేలా కట్టు కోసేశారు. కట్టు ఆ గీత దాటకూడదట. దాటితే వేళ్లు మొదళ్ల దగ్గర వంగవు. చెయ్యి దిండు మీద గుండె కన్నా ఎత్తులో పెట్టుకోమన్నారు. వారం తర్వాత ఒక ఎక్స్‌రే, అప్పుడు పూర్తి కట్టు, ఆ తర్వాతి వారం ఇంకో ఎక్స్‌రే. మొదటి రెండు మూడు వారాల్లో ముక్క మళ్లీ జరిగే అవకాశం ఉంటుంది, జరిగితే ఆపరేషన్ చేసి లోపల తీగలు గానీ ప్లేటు గానీ వేయాలి. నాది జరగలేదు.

బయల్దేరేటప్పుడు ఆయన "వేళ్లు ఆడిస్తూ ఉండండి" అన్నారు. ఆ ఒక్క మాట నేను చెవికెక్కించుకోలేదు. కదిపితే లోపల ఎముక కదిలిపోతుందని భయం. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లూ "కదపకు, కదపకు" అనే చెప్పారు. ఆరు వారాలు చేతిని మెడలో వేలాడదీసుకుని చంటిపిల్లలా కాపాడుకున్నాను. అన్నం ఎడమ చేత్తో, చెంచాతో. మొదటిసారి అలా తింటుంటే మా అత్తయ్య ముఖం పక్కకి తిప్పుకున్నారు. తర్వాత ఆవిడే ముద్దలు కలిపి పెట్టారు.

నవంబరు రెండో వారంలో కట్టు కోశారు. రంపం చప్పుడుకి హడలిపోయాను కానీ అది తిరగదు, అదురుతుందంతే, మామూలుగా చర్మాన్ని కోయదు. లోపల్నుంచి వచ్చిన చెయ్యి నాది అనిపించలేదు. సన్నగా, పొలుసులు లేచి ఉంది. ఎముక చక్కగా అతికిందన్నారు. "పిడికిలి బిగించండి" అన్నారు. వేళ్లు సగం వంగి ఆగిపోయాయి. వేళ్ల కొసలకీ అరచేతికీ మధ్య మూడు వేళ్ల ఖాళీ. ఎముక అతుక్కోవడం దాని పని అది చేసుకుంది. వేళ్లు ఆడించడం మొదటి రోజు నుంచీ నా పని. అది నేను చేయలేదు. మెడలో వేలాడేసి ఉంచినందుకు భుజం కూడా పట్టేసింది.

మద్దిలపాలెం దగ్గర ఫిజియోథెరపీకి ఐదు వారాలు వెళ్లాను. అక్కడ వ్యాయామాలు చేయించే అమ్మాయి మా కూతురి వయసుది. గోరువెచ్చని నీళ్లలో పావుగంట చెయ్యి పెట్టించి మొదలుపెట్టేది. వేళ్లని కొక్కెంలా వంచడం, పిడికిలి, మళ్లీ చాపడం. బొటనవేలు ఒక్కో వేలి కొసకీ తాకించడం. నమస్కారం పెట్టి, అరచేతులు విడిపోకుండా మోచేతులు పైకెత్తడం. ఇది మణికట్టుని వెనక్కి వంచుతుంది. నా అరచేతుల అడుగు భాగాలు మొదటి వారం ఒకదానికొకటి తాకనే లేదు. ఇంట్లో గంట గంటకీ ఐదు నిమిషాలు చేయమంది. ఒకేసారి గంటసేపు చేసి వాపు తెచ్చుకోవద్దని గట్టిగా చెప్పింది.

అన్నిటికన్నా మొండికేసింది అరచెయ్యి వెల్లకిలా తిప్పడం. ఇది నాకు మా వీధి రామాలయంలో తెలిసింది. తీర్థానికి చెయ్యి చాపాను, అరచెయ్యి సగం దాకా తిరిగి ఆగింది. పూజారిగారు ఉద్ధరిణె పట్టుకుని ఆగారు. మొత్తం భుజం వంచి, ఒళ్లు వంచి ఎలాగో పట్టుకున్నాను, తీర్థం వేళ్ల సందుల్లోంచి కారిపోయింది. మర్నాడు చెబితే ఆ అమ్మాయి అప్పడాల కర్ర తెచ్చుకోమంది. ఒక కొస పిడికిట్లో పట్టుకుని, మోచెయ్యి నడుముకి ఆనించి, కర్రని నెమ్మదిగా అటూ ఇటూ పడుకోబెట్టాలి. కర్ర బరువే చేతిని తిప్పుతుంది. రోజుకి నాలుగుసార్లు చేశాను.

ఈలోగా డాక్టరు గారు డెక్సా స్కాన్ రాశారు. నిలబడి ఉన్న ఎత్తు నుంచి పడితే మణికట్టు విరిగిందంటే ఎముక బలం చూడాలన్నారు. ఆ స్కాన్‌లో ఎముక సాంద్రతని చెప్పే టి-స్కోరు మైనస్ 2.5 గానీ అంతకన్నా కిందకి గానీ ఉంటే ఆస్టియోపోరోసిస్, అంటే ఎముకలు గుల్లబారడం. నాకు వెన్నులో మైనస్ 2.7 వచ్చింది. రక్తంలో విటమిన్ డి మిల్లీలీటరుకి 14 నానోగ్రాములు, కనీసం 20 ఉండాలి. ఎండ ఇంత కాసే వైజాగ్‌లో ఉండి ఇదేమిటని బాధపడ్డాను. ఆలోచిస్తే నేను ఎండలోకి వెళ్లేదే తక్కువ. ముట్లు ఆగాక ఎముక వేగంగా పలచబడుతుందని, నొప్పి ఉండదు కాబట్టి ఏదో విరిగేదాకా తెలియదని చెప్పారు. ముందు విటమిన్ డి, కాల్షియం. తర్వాత వారానికి ఒక మాత్ర, ఎముక పలచబడకుండా ఆపే 70 మిల్లీగ్రాముల అలెండ్రోనేట్. పరగడుపున గ్లాసు నిండా మంచినీళ్లతో వేసుకుని, అరగంట దాకా పడుకోకూడదు, కాఫీ కూడా తాగకూడదు. మంగళవారం పొద్దున నా కాఫీ ఆలస్యం. మా వదినకి అరవై, ఆవిణ్ణి కూడా స్కాన్‌కి పట్టుకెళ్లాను.

మార్గశిరం మూడో గురువారం బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి వెళ్లాం. అక్కడ భక్తులే అమ్మవారికి స్వయంగా పూజ చేసుకుంటారు కదా. తెల్లవారుజామునే క్యూలో నిలబడ్డాం. పట్టు ఇంకా పూర్తిగా రాలేదు, తడి బట్ట పిండలేను, దానికి ఇంకా నెలలు పడుతుందన్నారు. పసుపు పొట్లం మా ఆయన విప్పబోతే నేను తీసుకున్నాను. కుడి అరచెయ్యి వెల్లకిలా చాపి అందులో పసుపు పోయించుకున్నాను. కొంచెం ఒలికింది. మిగిలింది పిడికిట్లో పట్టుకుని అమ్మవారి పాదాల మీద వేశాను.