అద్దెతోనే ఈఎంఐ కట్టుకోవచ్చన్నారు

"మీ జేబులోంచి రూపాయి పడదు సార్, అద్దెతోనే ఈఎంఐ కట్టుకోవచ్చు." 2018లో హైదరాబాద్ నిజాంపేటలో ఫ్లాటు చూపిస్తూ బ్రోకరు లిఫ్టులో నాతో అన్న మాట ఇది. జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో లెక్కలు చూడటం నా ఉద్యోగం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎదుటివాళ్ల పద్దుల్లో తప్పులు పట్టే నేను, ఆ మాటకు మాత్రం బుద్ధిగా తల ఊపాను.

ఆయన చూపించిన ఫ్లాటు చుట్టుపక్కల ధరకంటే నాలుగు లక్షలు తక్కువ. అప్పుడే అనుమానం రావాలి, రాలేదు. మా మామగారు పోరు పెడితే ఈసీ (ఆస్తి మీద ఉన్న తనఖాలు, లావాదేవీలు చూపించే పత్రం) తీయించి, సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయం ఎదురుగా జిరాక్సు కొట్లో కూర్చునే ఒక పెద్ద దస్తావేజు లేఖరి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసి, కాగితం కంటికి ఆనించుకుని, వేలితో వరసలు లెక్కపెడుతూ మూడో పేజీలో ఆగాడు. "ఇది తనఖాలో ఉంది బాబూ" అన్నాడు. భవన నిర్మాణానికి అనుమతి తీసుకునేటప్పుడు బిల్డరు పది శాతం కట్టడాన్ని అనుమతి ఇచ్చిన సంస్థకు తనఖా పెట్టాలి. కట్టడం ప్లాను ప్రకారమే ఉందని ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) వచ్చాకే ఆ తనఖా విడుదలవుతుంది. నాకు చూపించిన ఫ్లాటు సరిగ్గా ఆ పది శాతంలోదే. బిల్డరును అడిగితే "కాగితాల పనే, నెలలో అయిపోతుంది" అన్నాడు. అయిపోయాక కబురు చేయమని చెప్పి వచ్చేశాను. ఇప్పటిదాకా కబురు లేదు.

పక్క వీధిలో మరో ఫ్లాటు దొరికింది. రెండు పడకగదులు, 1,050 చదరపు అడుగులు, 38 లక్షలు. బ్యాంకు 30 లక్షలు ఇచ్చింది, ఇరవై ఏళ్లకు, ఎనిమిదిన్నర శాతం వడ్డీకి. మిగిలిన ఎనిమిది లక్షలూ నావే. అప్పట్లో రిజిస్ట్రేషన్ ఖర్చులు 6 శాతం (2021 జులై నుంచి అవి 7.5 అయ్యాయి), దానికి బ్యాంకు ఇవ్వదు కాబట్టి అదీ నాదే. నెల వాయిదా 26 వేలు. వచ్చే అద్దె 12 వేలు. బ్రోకరు చెప్పిన రూపాయి, మొదటి నెలలోనే 14 వేల రూపాయలైంది.

ఇందులో మోసం ఏమీ లేదు. ఇంటి ధర మీద అద్దె ఏడాదికి నాలుగు శాతం కూడా రావడం లేదు, అప్పు మీద వడ్డీ దానికి రెట్టింపు. ఇంత అప్పు చేసి కొంటే అద్దె వాయిదాకు సరిపోదు. ఆ 14 వేలు నెలనెలా కట్టే చిట్టీ అనుకుని కట్టాను. పన్నులో కొంత ఊరట దొరికింది: అద్దెలోంచి ఇంటి పన్ను పోగా మిగిలినదాంట్లో, ఖర్చు పెట్టినా పెట్టకపోయినా 30 శాతం మినహాయింపు ఉంటుంది. పాత పన్ను విధానంలోనైతే వడ్డీ వల్ల తేలిన నష్టాన్ని ఏడాదికి రెండు లక్షల దాకా జీతం ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చు. మొదటి పూర్తి ఏడాది అలా నాకు ముప్ఫై వేలు మిగిలాయి. కొత్త విధానంలో ఆ వీలు లేదు.

2020 జూన్‌లో ఫ్లాటులో ఉన్న సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు ముగ్గురూ ఇంటి నుంచే పని అని సామాను సర్దుకుని కాకినాడ వెళ్లిపోయారు. నాలుగు నెలలు ఇల్లు ఖాళీ. ఆగస్టు దాకా వాయిదాలు ఆపుకోవచ్చని రిజర్వు బ్యాంకు వీలిచ్చినా, వడ్డీ ఆగదు కదా అని దాచుకున్న డబ్బులోంచి కట్టాను. అప్పటినుంచి నా లెక్కలో ఏడాదికి పది నెలలే. మిగిలిన రెండూ ఖాళీకి, రంగులకు, గీజరుకు. ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. ఇల్లు చూడటానికి వచ్చినవాళ్లు గదుల కంటే ముందు అడిగింది మంజీరా నీళ్లు (కుళాయిలో వచ్చే నగరం సరఫరా) వస్తాయా, ఎండాకాలం ట్యాంకర్లేనా అని. కొనేటప్పుడు నేను తూర్పు వాకిలి చూసి మురిసిపోయాను.

రెండోది కొన్నది 2022లో, ఊళ్లో మా నాన్నగారి వాటా అమ్మగా వచ్చిన డబ్బుతో, అప్పు లేకుండా. చిక్కడపల్లిలో పాతికేళ్లు దాటిన భవనం, ఒకే పడకగది, 24 లక్షలు. లిఫ్టు లేదు, రంగు వెలిసిపోయింది. మా ఆవిడ చూసి "దీనికా మనం పొలం అమ్మింది!" అంది. అయితే అద్దె 9,500. లెక్కకడితే కొత్త ఫ్లాటు కంటే ఇదే నయం. పక్కనే అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లు. ఆ ఏప్రిల్‌లోనే 503 గ్రూప్-1 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చి, బోర్డు పెట్టిన మర్నాడే ఇద్దరు కుర్రాళ్లు అడ్వాన్సుతో వచ్చారు. బ్యాచిలర్లకు ఇవ్వనంటూ ఇళ్లు ఖాళీగా ఉంచుకునే ఓనర్లను చూస్తే నాకు జాలి.

పాత ఇంటికి పాత జబ్బులు ఉంటాయి. ఆరు నెలలకే కింది వాటావాళ్లు ఫోను చేశారు, స్నానాలగది కప్పులోంచి చుక్కలు పడుతున్నాయని. ఆదివారం ప్లంబరు మా స్నానాలగదిలో నాలుగు పలకలు లేపి, నహానీ ట్రాప్ (నేల మీది నీళ్లు పోయే జాలీ) చుట్టూ పొడిపొడిగా రాలుతున్న సిమెంటును వేలితో గీకి చూపించాడు. పద్దెనిమిది వేలు, అంటే దాదాపు రెండు నెలల అద్దె.

2023 మార్చిలో ప్రశ్నపత్రాలు బయటికి పొక్కి గ్రూప్-1 ప్రిలిమ్స్ రద్దయినప్పుడు, ఆ ఇద్దరిలో ఒకడు నిరాశతో ఊరికి వెళ్లిపోయాడు. రెండోవాడు ఒంటరిగా అద్దె భరించలేక నెలకే ఖాళీ చేశాడు. తాళం తీసుకోవడానికి వెళ్తే గదంతా తుడిచి పెట్టి ఉంది. గోడ మీద మాత్రం జిల్లాలకు రంగు పెన్సిళ్లు పూసిన తెలంగాణ పటం అంటించి ఉంది. రంగులు వేయించాలని దాన్ని పీకబోతుంటే, ఇల్లు చూడటానికి వచ్చిన కొత్త కుర్రాడు గుమ్మంలోంచే అన్నాడు, "అది ఉండనివ్వండి సార్, నాకు పనికొస్తుంది."