డబ్బులిచ్చేది సేట్, బటన్ నొక్కేది గుమస్తా

మా మాదాపూర్ ఆఫీసుల్లో సాఫ్ట్‌వేర్‌లో ఏం కావాలో తెలుసుకునే రిక్వైర్‌మెంట్స్ మీటింగ్ అంటే ఏసీ రూము, ప్రొజెక్టరు, క్లయింట్ వైపు నుంచి ఒక మేనేజరు, మన వైపు నుంచి నలుగురు, ఆయన చెప్పింది బీఆర్‌డీ అనే డాక్యుమెంట్‌లో రాసి సంతకం పెట్టించుకుంటే పనైపోయినట్టే. ఆ మేనేజరు రోజూ ఆ స్క్రీన్ ముందు కూర్చునే మనిషి కాదు కదా, ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఈ మధ్య బేగంబజార్‌లో ఒక డ్రైఫ్రూట్స్ హోల్‌సేల్ షాపుకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పని చూస్తున్నా. ఏం కావాలని సేట్‌ని అడిగితే "తమ్మీ, ఎవరి దగ్గర ఉద్దెర ఎంత ఆగిందో నాకు ఫోన్ల కనపడాలె, గంతే" అన్నాడు. బిజినెస్ రిక్వైర్‌మెంట్ ఒక్క ముక్కలో వచ్చేసింది, డ్యాష్‌బోర్డ్ ఒకటి గీసిచ్చి రావచ్చు. కానీ వాళ్ళ పాత సాఫ్ట్‌వేర్‌లోనూ బాకీల రిపోర్ట్ ఉంది, అది ఎప్పుడూ తప్పే చూపిస్తది. ఎందుకో తెలియాలంటే కౌంటర్ పక్కన నిలబడాల్సిందే.

చూస్తే ఏముంది, ఆ స్క్రీన్ మొదటే కస్టమర్ పేరు, ఫోన్ నంబర్ అడుగుతది, అవి ఇవ్వందే ఐటమ్ ఎక్కదు. ఇక్కడ బేరం నడిచే వరస వేరు. ముందు నాలుగు బాదం గింజలు చేతిలో పోస్తారు, రేటు తెగుతది, తూకం అయితది, ఆఖర్న "రాస్కో అన్నా" అన్నప్పుడు గానీ అది ఉద్దెర అని తెలీదు, పేరు అప్పుడొస్తది. అందుకే గుమస్తా అంతా చిట్టీల మీద రాసుకుని రాత్రి షట్టర్ దించే ముందు ఎక్కిస్తాడు, ఎక్కినన్ని ఎక్కుతాయి, మిగతావి రేపు. గుమస్తాకి పేరు ఆఖర్న అడిగే స్క్రీన్, మౌస్ ముట్టకుండా కీబోర్డ్ మీదే అయిపోయే బిల్లు ఇవ్వకపోతే సేట్ ఫోన్లో లెక్క ఏ జన్మకీ సరిపోదు.

ఎవరైనా "జర ఫాస్ట్‌గ ఉండాలె" అంటే మాత్రం అట్లనే రాసుకోవద్దు. రిక్వైర్‌మెంట్ పరీక్షించి తేల్చగలిగేలా ఉండాలని రిక్వైర్‌మెంట్స్ ఎట్లా రాయాలో చెప్పే ఐఎస్ఓ 29148 స్టాండర్డ్‌లోనే ఉంది. చివరి ఐటమ్ కొట్టాక 2 సెకన్లలో ప్రింట్ మొదలవ్వాలి అని రాస్తే తర్వాత గొడవుండదు.

ఇద్దరూ చెప్పనిది వాళ్ళ సీఏ చెప్పాడు. టర్నోవర్ 5 కోట్లు దాటిన వ్యాపారాలకి 2023 ఆగస్టు 1 నుంచి బీటూబీ, అంటే వ్యాపారి నుంచి వ్యాపారికి జరిగే అమ్మకాల మీద ఈ-ఇన్‌వాయిస్ (ప్రభుత్వ పోర్టల్‌లో నమోదయ్యే బిల్లు) తప్పనిసరి. అంటే పేరు ఆఖర్న అడిగినా సరే, జీఎస్టీ నంబర్ ఉన్న కస్టమర్ అయితే ఆ నంబర్ లేకుండా బిల్లు ఫైనల్ అవ్వకూడదు.

ఇప్పుడు ఒక్క దగ్గర ఆగింది. రేటు తగ్గిస్తే తన ఫోన్‌కి అప్రూవల్ రావాలంటాడు సేట్, గిరాకీ ఎదురుగా నిలబడుంటే అప్పటిదాకా ఆగేదెట్ల అంటాడు గుమస్తా. ఇద్దరిదీ నిజమే. కిలోకి ఇంతవరకు తగ్గిస్తే అడగక్కర్లేదని లిమిట్ పెట్టొచ్చు, కానీ ఆ అంకె మేం వేసేది కాదు, సేట్ చెప్పాలె. సేట్ ముందు గుమస్తా నోరిప్పడు, అందుకే వచ్చే వారం ఇద్దర్నీ విడివిడిగా అడుగుదామనుకుంటున్నా.